వాషింగ్టన్ జీవితం రాయబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ అధ్యాయాల పట్టిక చూశాను. ఎస్టేటు యజమాని, సైనికుడు, శాసనసభ్యుడు అంటూ జార్జ్ వాషింగ్టన్‌ను మూడు ముక్కలు చేశావు. అలా విడగొడితే ఒక అధ్యాయంలో జరిగినదానికి కారణం ఇంకో అధ్యాయంలో ఇరుక్కుపోతుంది. మూడు పాత్రలూ భూమి దగ్గర కలుస్తాయి. అక్కడ పట్టుకో.

1754లో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్ డిన్‌విడీ, ఫ్రెంచివాళ్ల మీద ఒహాయో లోయలోకి వెళ్లే దండయాత్రలో చేరేవాళ్లకు రెండు లక్షల ఎకరాలు పంచుతామని ప్రకటించాడు. 1763లో బ్రిటిష్ రాజు, అపలేచియన్ కొండలు దాటి స్థిరపడొద్దని శాసనం చేశాడు. ఆ దండయాత్రలో పనిచేసిన వాషింగ్టన్ రాజు మాట పట్టించుకోలేదు. చెప్పిన భూమి ఇవ్వమని 1769లో గవర్నర్‌కు అర్జీ పెట్టాడు. మరుసటి ఏడు ఒహాయో, కనావా నదుల వెంట తానే తిరిగి మంచి నేలలు చూసుకున్నాడు. తోటి సైనికుల హక్కులు కూడా కొన్నాడు. చివరికి 20 వేల ఎకరాలకు పైగా దక్కాయి. సైనికుడి బహుమతి, భూస్వామి ఆశ, సభ్యుడి పలుకుబడి ఒకే అర్జీలో కనిపిస్తాయి. ఆ నేల షానీ అనే అమెరికా ఆదివాసుల వేటభూమి అన్న మాట మాత్రం వదిలేయకు.

ఎన్నికను ఇప్పటి కళ్లతో చూడకు. ఓటరు అందరి ముందూ పేరు పైకి చెప్పాలి. వర్జీనియా శాసనసభకు 1755లో ఫ్రెడరిక్ కౌంటీలో ఓడినవాడు 1758లో అక్కడే గెలిచాడు. పోలింగ్ నాడు ఆయన సరిహద్దు కోటలో ఉంటే, ఆయన బదులుగా జేమ్స్ వుడ్ కూర్చున్నాడు. ఓటర్లకు పోసిన రమ్, వైన్, బీరు ఖర్చు సుమారు 39 పౌన్లు. ఇది ఏ పౌను? వర్జీనియా పౌను, స్టెర్లింగ్ పౌను ఒకటి కావు. ప్రతి చోటా అది ఏ పౌనో చూసి రాయి, నేటి రూపాయల్లోకి మార్చకు.

పొగాకు దగ్గర మనవాళ్లు బాగా తప్పులు చేస్తారు. ప్రకాశం, గుంటూరు వైపు బ్యారన్లనే గదుల్లో గొట్టాల వేడితో ఆరబెట్టే (క్యూరింగ్ చేసే) వర్జీనియా పొగాకు వేరు. ఆ రోజుల్లో ఆకు ఎక్కువగా గాలికే ఆరేది. చలికాలంలో నారుమడి, వసంతంలో నాట్లు, ఆ తర్వాత తలలు తుంచడం, పిలకలు తీయడం, వేసవి చివర కోత. ఆకును పెద్ద పీపాల్లో కుక్కి లండన్ వర్తకుడికి పంపాలి. ధర అక్కడ తేలుతుంది, అప్పు ఇక్కడ పెరుగుతుంది. 1760ల మధ్యలో ఆయన గోధుమకు మళ్లడానికి నేల సారం ఒక్కటే కారణం కాదు, ఈ అప్పు కూడా. 1769లో బ్రిటిష్ సరుకు బహిష్కరించాలన్న ఒప్పందాన్ని సహసభ్యుల ముందు పెట్టినవాడి చేతిలో ఆ లండన్ ఖాతా ఉందని పాఠకుడికి తెలియాలి.

"ఆయన పండించాడు" అని నువ్వు రాసిన ప్రతి చోటా ఎవరు పండించారో రాయి. 1799లో ఆయనే రాసుకున్న జాబితాలో, ఆయన ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలున్నారు. వాళ్లలో 123 మంది ఆయన సొంతం, 153 మంది ఆయన భార్య మార్తా మొదటి భర్త ఎస్టేటుకు చెందినవాళ్లు, మిగతావాళ్లు ఎక్కువగా అద్దెకు తెచ్చినవాళ్లు. వీలునామా ఆ 123 మందికే వర్తించింది, అదీ వెంటనే విడుదలైన విలియం లీ తప్ప మిగతావాళ్లకు మార్తా మరణం తర్వాత. ఆమె ముందుగానే, 1801 జనవరి 1న వాళ్లను విడుదల చేసింది. "బానిసలందరినీ విడిపించాడు" అన్న వాక్యం నీ ప్రతిలో రెండు చోట్ల ఉంది. కొట్టేయి. చిన్నప్పుడు చెర్రీ చెట్టు నరికి నిజం ఒప్పుకున్నాడన్న కథ కూడా. అది ఆయన పోయాక పుట్టింది.

1766 నుంచి 1770 దాకా ఉన్న భాగం ముందు రాసి పంపు.