ఈ వయసులో హాస్పిస్ పనిలోకి మారవచ్చా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. చాలాకాలంగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. ఏడు నెలల క్రితం అమ్మ క్యాన్సర్‌తో పోయింది. ఆఖరి మూడు వారాలు హాస్పిస్‌లో, అంటే నయం కాని జబ్బుతో ఆఖరి దశలో ఉన్నవాళ్లను బాధ తగ్గించి చూసుకునే చోట ఉంది. అక్కడివాళ్లు ఆమెను చూసుకున్న తీరు చూశాక నా ఉద్యోగంలో మనసు నిలవడం లేదు. రాజీనామా చేసి నర్సింగ్‌లో చేరాలనుకుంటున్నాను. మరీ ఆలస్యమైపోయిందా?

జవాబు: వయసు గురించి బెంగ పెట్టుకోకండి. ఆధునిక హాస్పిస్‌లకు బాట వేసిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు. వెన్నునొప్పి వల్ల ఆ పని సాగక, రోగుల మంచిచెడ్డలు చూసే ఉద్యోగిగా ఆసుపత్రిలోనే కొనసాగారు. తర్వాత వైద్యం చదివి 1957లో డాక్టరయ్యేసరికి నలభైకి దగ్గరపడ్డారు. లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది 1967లో. అందుకే మీ ఉత్తరంలో నేను ఆగింది 39 దగ్గర కాదు, ఏడు నెలల దగ్గర.

అమ్మ పోయిన బాధ మీలో ఇంకా పచ్చిగానే ఉంది. అయినవాళ్లను ఈమధ్యే పోగొట్టుకున్నవాళ్లు వాలంటీర్లుగా వస్తామన్నా, ఓ ఏడాది ఆగి రమ్మని చాలా హాస్పిస్‌లు చెబుతాయి. మీ మీద నమ్మకం లేక కాదు. ఆ మంచం మీద ఉన్న మనిషిలో మీకు అమ్మే కనిపిస్తుంటే, ఆ మనిషికి ఏం కావాలో మీకు తెలియకుండా పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఉపశమన చికిత్స (జబ్బు నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించే వైద్యం) అవసరమైనవాళ్లలో దాదాపు 14 శాతం మందికే అది అందుతోంది. మనుషుల కొరత అంతగా ఉన్న రంగం ఇది. కొన్ని నెలలు ఆగినంత మాత్రాన మీకు అవకాశం చేజారిపోదు. కాబట్టి రాజీనామా ఇప్పుడే వద్దు.

ఇక పని సంగతి. మీరు దాన్ని కుటుంబం వైపు నుంచి చూశారు. పనిచేసేవాళ్ల వైపు నుంచి చూస్తే అందులో ఎక్కువ భాగం ఒంటి సేవే. నీళ్లు మింగలేని మనిషికి తడి స్పాంజితో పెదాలు, నాలుక తడపాలి. పుండ్లు పడకుండా గంటల లెక్కన పక్కకు తిప్పి, మోకాళ్ల మధ్య దిండు పెట్టాలి. నొప్పికి మార్ఫిన్ ఇస్తే మలబద్ధకం వస్తుంది, కాబట్టి దానికీ మందు మొదలుపెట్టి, విరేచనం ఎప్పుడైందో రోజూ రాసుకోవాలి. "ఏమీ తినడం లేదు, ఆకలితో చంపేస్తున్నారా" అని కొడుకు అరిస్తే, ఆఖరి రోజుల్లో శరీరం తిండిని అడగదని, బలవంతంగా పెడితే ఇంకా ఇబ్బంది అని ఓపికగా చెప్పాలి. మర్నాడు ఆయన మళ్లీ అదే అడుగుతాడు, మళ్లీ చెప్పాలి. జీవితం గురించి లోతైన మాటలు ఎప్పుడో గానీ రావు. మొహం చిట్లించిన మనిషి పక్కకు తిప్పాక కాస్త తేలిగ్గా ఊపిరి తీసుకుంటే, ఆ పూట దక్కే తృప్తి అదే. అది మీకు చాలా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోలేరు.

ఏడాది గడిచాక వారానికి ఒక పూట వాలంటీరుగా వెళ్లండి. కనీసం ఆరు నెలలు చేయండి. మొదటి నెలల ఉత్సాహం తగ్గాక కూడా వెళ్లాలనిపిస్తోందా అన్నదే నేను చూసే గుర్తు.

నర్సింగ్ ఒక్కటే దారి అనుకోకండి. నర్సుకు మూడు నాలుగేళ్ల చదువు, ఆపైన రాత్రి డ్యూటీలు తప్పవు. ఒంటి సేవ చేసే కేర్ అసిస్టెంట్ల శిక్షణ చాలా చిన్నది, పేషెంటుకు అందరికంటే దగ్గరగా ఉండేదీ వాళ్లే. సోషల్ వర్క్, కౌన్సెలింగ్ చదివినవాళ్లు కుటుంబాలతో పనిచేస్తారు, మనిషి పోయిన తర్వాత కూడా. మందుల నిల్వలు, ఇంటింటికీ వెళ్లే బృందాల షెడ్యూళ్లు, వాలంటీర్ల సమన్వయం చూసేవాళ్లు కూడా కావాలి. ఎక్కడ తప్పు జరగవచ్చో ముందే పసిగట్టే మీ అలవాటు అక్కడ సూటిగా పనికొస్తుంది. నా అభిప్రాయం అడిగితే, వాలంటీరుగా ఉన్నన్నాళ్లూ కేర్ అసిస్టెంట్ల పక్కనే ఉండి చూడండి. ఆ పని చేయగలననిపిస్తేనే నర్సింగ్ ఫీజు కట్టండి.

జీతం ఇప్పటికంటే బాగా తగ్గుతుందనే లెక్క వేసుకోండి. ఇంట్లో మీ ఆదాయం మీద ఆధారపడ్డవాళ్లు ఉంటే, ఆ తగ్గిన జీతంతోనే ఓ ఆరు నెలలు గడిపి చూడండి. మిగిలింది చదువుకు దాచండి.

ఏ హాస్పిస్‌కు వెళ్లినా ఒక ప్రశ్న తప్పక అడగండి: ఒక పేషెంటు పోయాక ఇక్కడ పనిచేసేవాళ్లు ఏం చేస్తారు? కలిసి కూర్చుని మాట్లాడుకునే సమయం ఉందా, బాగా కుంగినవాళ్లకు సెలవు, కౌన్సెలింగ్ దొరుకుతాయా? "అలవాటైపోతుంది లెండి" అని జవాబు వస్తే మరోచోటు చూసుకోండి.