ఏ రోజు చూసినావో రాసుకో అమ్మీ

అమ్మీ,

పద్మావతి మహిళా యూనివర్సిటీలో నీకు సీటొచ్చిందని మీ నాయన ఫోన్ చేసినాడు. మనింట్లో ఆడపిల్ల హాస్టల్లో ఉండి చదవడం ఇదే మొదలు. చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్లే, అయినా రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

మార్కుల మెమోలు, టీసీ స్కాన్ చేసి డిజీలాకర్లో ఒకటి, మెయిల్లో ఒకటి పెట్టుకో. నీ చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నెంబరు, అదే ఏబీసీ ఐడీ, 12 అంకెలూ నోట్‌బుక్ అట్ట లోపల రాసుకో. నోట్సు ఫొటోలు తీస్తే ఆ రాత్రే సబ్జెక్టు ఫోల్డర్లోకి మార్చు. హాజరు 75 శాతానికి తగ్గనీకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నాకు భయమల్లా ఇంకోదాని గురించి. 1987 మార్చి, నాకు డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు. నోటీసు బోర్డు చూసి బస్సు టికెట్ వెనకాల రాసుకున్నా: కెమిస్ట్రీ, 24, మధ్యాహ్నం. ఏ రోజు చూసిందీ రాసుకోలేదు. తర్వాత మారిన టైంటేబుల్ అంటించినారు. రాసి పెట్టుకున్నా కదా అనే ధైర్యంతో నేను మళ్లా బోర్డు దిక్కే పోలేదు. ఒంటిగంటకు పోతే పిల్లోళ్లు ప్రశ్నపత్రం చేతిలో పట్టుకుని బయటికొస్తా ఉండారు. వాళ్లను చూస్తానే కాళ్లు ఆడలేదు.

సాయంత్రం ఇంటికి పోతే మీ తాత గానుగ కాడ బెల్లం వండుతా ఉండాడు. "బాగా రాసినావా?" అన్నాడు. "రాసినా" అన్నా. ఆకులో ఇంత వేడి బెల్లం పెట్టి నా చేతికిచ్చినాడు. తినలేకపోయినా అమ్మీ. పక్కకు పోయి ఎద్దుకు పెట్టేసినా. రిజల్ట్స్ వచ్చేదాకా ఆయన ముఖం చూసి మాట్లాడలేదు. సెప్టెంబర్లో సప్లిమెంటరీ రాసి పాసయినా. పరీక్ష గట్టెక్కింది గానీ ఆ అబద్ధం మాత్రం అట్లే ఉండిపోయింది.

మీకిప్పుడు బోర్డు బదులు వాట్సాప్ గ్రూపు. ఒక పీడీఎఫ్ వస్తుంది, వారానికి ఇంకోటి వస్తుంది, రెండిటికీ పేరు ఒకటే. దించుకోగానే ఫైలు పేరులో తేదీ చేర్చు. నోట్‌బుక్‌లో ఏది రాసుకున్నా పక్కన ఏ రోజు చూసినావో, ఎవరు చెప్పినారో కూడా రాయి. పరీక్ష ముందురోజు సాయంత్రం యూనివర్సిటీ వెబ్‌సైట్ మళ్లా చూడు. ఫోన్ ఉంది కదా అని బద్ధకించినావంటే ఊరుకోను.

ఎప్పుడన్నా ఏదన్నా తప్పిపోతే, ఆ రోజే మీ నాయనకు చెప్పు. నోరు రాకపోతే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. నాగులచవితికి వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకురా, నేను చూడాల.

మీ పెదనాన్న