ఛాలెంజర్ డబుల్స్ నుంచి అమెరికా కాలేజీ కోచింగ్‌కు: ఫండ్లు, వీసా, రోజుల లెక్క

ప్రశ్న: నా వయసు 32, ఊరు హైదరాబాద్. పదేళ్ళుగా టెన్నిస్‌లో ఛాలెంజర్ స్థాయిలో (పెద్ద టోర్నీల కింది మెట్టు) డబుల్స్ ఆడుతున్నాను. నిరుడు ప్రయాణాలు, పన్నులు పోను రూ.11 లక్షలు మిగిలాయి. ఇంటి ఖర్చుకు నెలకు ఇచ్చే రూ.40 వేలు అందులోంచే. టెక్సస్‌లోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం పురుషుల జట్టుకు అసిస్టెంట్ కోచ్‌గా రమ్మంటోంది. జీతం ఏడాదికి 54,000 డాలర్లు, 2026 ఆగస్టు 1న చేరాలి. రిటైర్మెంటు ఖాతాలో నేను 5 శాతం వేస్తే వాళ్ళు 8 శాతం కలుపుతారు, కానీ మూడేళ్ళు పనిచేస్తేనే అది నాదవుతుంది. వీసా ఏదో ఇంకా తేలలేదు. ఈక్విటీ ఫండ్లు రూ.19 లక్షలున్నాయి (పెట్టింది 12.5 లక్షలు, అన్నీ ఏడాది దాటినవే). పీపీఎఫ్‌లో 6 లక్షలు ఉంది. బంగారం మీద 7 లక్షల అప్పు, వడ్డీ 10.5 శాతం. నా భార్య కూడా వస్తుంది. అమ్మానాన్నలకు నెలకు రూ.40 వేలు పంపాలి. ఏప్రిల్‌లో అమెరికా క్లే ఛాలెంజర్లు ఐదు వారాలు ఆడి ఆట ముగించాలని ఉంది. నిరుడు అక్కడ 42 రోజులు ఉన్నాను. లేక బోపన్నలా ఇంకొంత కాలం ఆడాలా? వెళ్ళేట్టయితే ఫండ్లు కదిలించాలా?

జవాబు: వెళ్ళండి. అయితే జీతం చూసి కాదు. డబ్బు పరంగా మొదటి మూడేళ్ళు ఈ ఉద్యోగం మీకు ఇప్పటికన్నా పెద్దగా ఏమీ మిగల్చదు. లెక్క చూడండి.

2026 పన్ను అంకెలతో పూర్తి ఏడాదికి వేస్తున్నాను. 54,000లో మీ 5 శాతం 2,700. దంపతులుగా కలిసి రిటర్న్ వేస్తే స్టాండర్డ్ డిడక్షన్ 32,200. మిగిలిన 19,100 మీద 10 శాతం చొప్పున ఫెడరల్ పన్ను 1,910. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 శాతం, అంటే 4,131. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఇద్దరి ఆరోగ్య బీమాకు మీ వాటా నెలకు 300 డాలర్లు అనుకుందాం (అసలు అంకె ఆఫర్ పత్రంలో అడిగి తీసుకోండి). చేతికి నెలకు దాదాపు 3,470 వస్తుంది. అద్దె, పాత కారు, దాని బీమా, తిండి కలిపి ఇద్దరికీ 3,000 అనుకుంటే మిగిలేది 470. డాలరుకు 90 రూపాయల చొప్పున మీ తల్లిదండ్రుల 40 వేలు దాదాపు 445 డాలర్లు. అంటే చేతిలో మిగిలేది సున్నా. పొదుపంతా రిటైర్మెంటు ఖాతాలోనే: మీది 2,700, వాళ్ళది 4,320, కలిపి సుమారు రూ.6.3 లక్షలు. టూర్‌లో మీకు మిగిలిన 11 లక్షల్లోంచి ఇంటికిచ్చే 4.8 లక్షలు తీస్తే 6.2 లక్షలు. రెండూ ఒకటే.

మరి వెళ్ళమనడం ఎందుకంటే, టూర్‌లో ఆ 6.2 లక్షలు మీ భుజం మీద, మీ పార్ట్‌నర్ మోకాలి మీద కూడా ఆధారపడి ఉన్నాయి. సింగిల్స్ వాళ్ళకు 2024 నుంచి ఏటీపీ (పురుషుల టెన్నిస్ సంఘం) బేస్‌లైన్ పథకం కింద కనీస ఆదాయం హామీగా ఉంది; మొదటి ఏడాది అది టాప్ 100కు 3 లక్షల డాలర్లు, 101-175కు లక్షన్నర, 176-250కి 75 వేలు. డబుల్స్ ర్యాంకుకు ఆ హామీ లేదు. ఏటీపీ పెన్షన్ కూడా పై ర్యాంకుల్లో కొన్నేళ్ళు నిలిచినవారికే. ఛాలెంజర్లలో గడిపినవారు దాన్ని లెక్కలో వేసుకోకూడదు. బోపన్న 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ 43 ఏళ్ళకు గెలిచాడు, నిజమే. కానీ అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచే ఆయన పెద్ద టోర్నీల మెయిన్ డ్రాల్లో ఆడుతున్నాడు. ఛాలెంజర్ ఆదాయంతో 40 దాకా లాగడానికి అది ఉదాహరణ కాదు.

పైగా కాలేజీ టెన్నిస్‌లో డబుల్స్ తెలిసినవాడికి గిరాకీ ఉంది. డివిజన్-1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) పోటీలో మొత్తం 7 పాయింట్లు. ముందు మూడు డబుల్స్ మ్యాచ్‌లు, ఒక్కో సెట్. రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింటు. తర్వాత ఆరు సింగిల్స్. నాలుగు పాయింట్లు అందుకున్న జట్టు గెలిచినట్టు. 4-3 తేడాతో తేలే పోటీల్లో ఆ తొలి పాయింటే జాతకం మార్చేస్తుంది. హెడ్ కోచ్ మిమ్మల్ని పిలుస్తున్నది బహుశా అందుకే, కాబట్టి బేరమాడటానికి మొహమాటపడకండి. జీతం పెంచకపోయినా, ఇంటి సామాను తరలింపు ఖర్చు, వేసవి క్యాంపుల్లో వాటా అడగవచ్చు.

క్యాంపుల దగ్గరే చాలామంది విదేశీ కోచ్‌లు తప్పులో కాలేస్తారు. అమెరికన్ కోచ్ వేసవిలో సొంత కంపెనీ పెట్టి క్యాంపు నడిపి జేబులో వేసుకుంటాడు. మీరు హెచ్-1బి వీసా మీదున్నా, ఓ-1 (అసాధారణ ప్రతిభ ఉన్నవారి వీసా) మీదున్నా దరఖాస్తు చేసిన యజమానికే పనిచేయాలి. క్యాంపు విశ్వవిద్యాలయం పేరుతో నడిచి, డబ్బు జీతపు చెక్కులోనే వస్తే ఇబ్బంది లేదు. తెలుగువాళ్ళ పిల్లలకు శనివారం పాఠాలు, డబ్బు తీసుకుని రాకెట్లకు గట్స్ వేయడం, అమెరికాలో ప్రైజ్ మనీ టోర్నీలో ఆడటం, ఇవన్నీ అనుమతి లేని పని కిందికి వస్తాయి. నగదే కదా, ఎవరికి తెలుస్తుందని ఎవరైనా అంటే వినకండి. గ్రీన్‌కార్డు దాకా వెంటాడుతుంది. మీ భార్య కూడా మొదట్లో పనిచేయలేరు. హెచ్-4 (హెచ్-1బి వారి జీవిత భాగస్వామి వీసా) వారికి ఆ వీలు భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటాకే, ఓ-3 (ఓ-1 వారి జీవిత భాగస్వామి వీసా) వారికి అసలే లేదు. పై బడ్జెట్ ఒక్క జీతంతోనే వేసింది అందుకే.

వీసా సంగతి సంతకానికి ముందే తేల్చుకోండి. విశ్వవిద్యాలయాలకు హెచ్-1బి లాటరీ లేదు, అది సుఖం. కానీ 2025 సెప్టెంబరు 21 నుంచి, దేశం బయట ఉన్నవారి కొత్త హెచ్-1బి దరఖాస్తుకు యజమాని లక్ష డాలర్లు కట్టాలన్న ఉత్తర్వు వచ్చింది. విశ్వవిద్యాలయాలకు దాన్నుంచి మినహాయింపు ఇవ్వలేదు. 54 వేల జీతపు ఉద్యోగానికి లక్ష కట్టే అథ్లెటిక్ విభాగం అరుదు. అందుకే వాళ్ళ ఇమిగ్రేషన్ న్యాయవాది ఓ-1ఎ వైపు చూస్తున్నారా, ఖర్చు ఎవరిది అన్నది రాతపూర్వకంగా తెప్పించుకోండి. మీ ర్యాంకుల చరిత్ర, టైటిళ్ళు, పత్రికల్లో వచ్చిన వార్తలు ఒక ఫైలుగా ఇప్పుడే కూర్చండి. పీ-1 వీసా ఆటగాళ్ళకు ఉద్దేశించింది, కోచ్ ఉద్యోగానికి పనికిరాదు.

ఇక ఫండ్లు. వెళ్ళేముందు మొత్తం అమ్మేయండి. అమెరికా పన్ను నివాసి అయ్యాక మన మ్యూచువల్ ఫండు వాళ్ళ చట్టంలో పీఫిక్ (PFIC, కఠినమైన పన్ను పడే విదేశీ పెట్టుబడి సంస్థ) అవుతుంది. అప్పుడు అమ్మితే లాభాన్ని పట్టుకున్న సంవత్సరాలకు పంచి, నివాసిగా ఉన్న గత సంవత్సరాల వాటాకు అత్యధిక రేటు, ఇప్పుడు 37 శాతం, దాని మీద వడ్డీ వేస్తారు. ఇండియాలో ఉన్నప్పుడు పెరిగిన లాభాన్నీ వదలరు. నివాసి అయిన రోజు విలువ నుంచి కొత్తగా లెక్క మొదలవదు. మీ 19 లక్షలు 21 వేల డాలర్లే, 25 వేల లోపు కాబట్టి ఈ ఫండ్ల వివరాలు చెప్పే 8621 ఫారం ఏటా వేయనక్కర్లేదని ఎవరైనా చెబుతారు. ఆ మాట నిజమే, కానీ ఫారం తప్పినా అమ్మినప్పటి పన్ను తప్పదు.

ఇక్కడ పన్ను 1.25 లక్షల మినహాయింపు పోను 12.5 శాతమే. లాభం 6.5 లక్షలు. మార్చి 31లోపు సగం, ఏప్రిల్ 1 తర్వాత సగం అమ్మితే మినహాయింపు రెండుసార్లు వస్తుంది: 4 లక్షల మీద 50 వేలు, సెస్సుతో 52,000. ఒకేసారి అమ్మితే 68,250. రెండో సగం ఏప్రిల్ తొలి వారంలోనే, అమెరికా విమానం ఎక్కకముందే ముగియాలి. ఎందుకంటే అసలు ప్రమాదం మీ ఐదు వారాల టూర్‌లోనే ఉంది.

అమెరికాలో పన్ను నివాసం రోజుల లెక్క: ఈ ఏడాది రోజులు పూర్తిగా, నిరుటివి మూడో వంతు, అంతకుముందు ఏడాదివి ఆరో వంతు. మొత్తం 183 అయితే నివాసి. ఆగస్టు 1 నుంచి డిసెంబరు 31 దాకా 153 రోజులు. నిరుటి 42లో మూడో వంతు 14. అప్పటికే 167. ఏప్రిల్‌లో 35 రోజులుంటే 202 అవుతుంది. నివాసం ఆగస్టు నుంచి మొదలవుతుందని అనుకుంటారు, కాదు. ఆ ఏడాది మీరు అక్కడ అడుగుపెట్టిన తొలి రోజు నుంచి, అంటే ఏప్రిల్ నుంచే. మామూలు టోర్నీ ఆడిన రోజులకు మినహాయింపు లేదు, దాతృత్వం కోసం జరిగే పోటీలకే ఉంది. ఏప్రిల్ నుంచి మీ బ్యాంకు వడ్డీ, పీపీఎఫ్ వడ్డీ, ఐరోపాలో గెలిచిన డబ్బు, ఏప్రిల్ తర్వాత అమ్మిన ఫండ్లు, అన్నీ అమెరికా రిటర్న్‌లోకి వస్తాయి.

కాబట్టి వీడ్కోలు టూర్‌ను రెండు టోర్నీలకు కుదించండి. దిగే రోజు, ఎక్కే రోజు కలిపి 15 రోజులు మించొద్దు. అంతకుముందు ఏడాది, 2024లో, కూడా అక్కడ ఉండి ఉంటే పాస్‌పోర్టు ముద్రలు చూసి ఇంకా తగ్గించండి. సవన్నా, తల్లాహసీ ఆడి, మిగిలిన వారాలు ఆసియాలోనో ఐరోపాలోనో ఆడుకోండి. అప్పుడు 2026 మొత్తానికి మీరు అనివాసి. ఆ ఐదు నెలల జీతం 22,500కు స్టాండర్డ్ డిడక్షన్ రాదు, పన్ను సుమారు 2,450 డాలర్లు. దాన్ని తగ్గించడానికి మొదటి ఏడాదే నివాసిగా ఎంచుకుని దంపతుల రిటర్న్ వేయమని పన్ను నిపుణులు కొందరు అంటారు. ఇండియా ఆదాయం ఎంత లోపలికొస్తుందో లెక్క కట్టించకుండా ఒప్పుకోకండి.

ఫండ్ల నుంచి వచ్చే 18.48 లక్షల్లో మొదట బంగారం విడిపించండి. ఏటా 73,500 వడ్డీ టెక్సస్ జీతంలోంచి కట్టే దారి లేదని పైన చూశాం. మిగిలిన 11.5 లక్షల్లో 5.4 లక్షలు (6,000 డాలర్లు) అద్దె డిపాజిట్‌కు, కారుకు, మొదటి జీతం వచ్చేదాకా ఖర్చులకు. విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల జీతం నెలకోసారే. మిగిలిన 6 లక్షల్లోంచి మొదటి ఏడాది అమ్మానాన్నల 40 వేలు ఇక్కడినుంచే వెళ్ళనివ్వండి. ఆ లోగా అక్కడ నెలకు మిగిలే 470 డాలర్లతో అత్యవసర నిధి కూడుతుంది. రెండో ఏడాది నుంచి పంపేటప్పుడు బ్యాంకు ఖాతా నుంచే పంపండి. 2026 జనవరి నుంచి వచ్చిన 1 శాతం రెమిటెన్స్ పన్ను నగదు, మనీ ఆర్డర్లు, క్యాషియర్ చెక్కుల లాంటి వాటికే.

పీపీఎఫ్‌ను ఏటా 500 రూపాయలతో బతికించి ఉంచండి. గడువు దాకా నడుస్తుంది, పొడిగించే వీలుండదు. దాని వడ్డీ ఇక్కడ పన్ను లేనిదైనా అక్కడ ఉంది. వెళ్ళాక సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ (ప్రవాసుల ఇండియా ఖాతా)గా మార్చండి. 2027 నుంచి ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికాకు తెలిపే పత్రం) దాఖలు చేయాలి. పీపీఎఫ్‌ను కూడా అందులో చూపడం క్షేమం. మీకు, మీ భార్యకు టర్మ్ పాలసీ, అమ్మానాన్నలకు ఆరోగ్య పాలసీ ఇక్కడున్నప్పుడే తీసుకోండి, విదేశీ ఉద్యోగం సంగతి ప్రతిపాదనలో రాసి మరీ.

రిటైర్మెంటు ఖాతాలో మీ 5 శాతం మాత్రమే వేయండి. 2026లో 24,500 దాకా వేయవచ్చు గానీ మీ జీతంలో అది కుదరదు. వాళ్ళ 8 శాతం మూడేళ్ళకు 12,960 డాలర్లు. రెండేళ్ళ పది నెలలకు వేరే కాలేజీ పిలిచిందని వెళితే అంతా పోతుంది. కొత్త చోట ఆ మేరకు సంతకం బోనస్ అడగాలి. అసిస్టెంట్ కోచ్ ఒప్పందాలు సాధారణంగా ఏడాదివే. పైగా 2025లో వచ్చిన కోర్టు ఒప్పందంతో కాలేజీలు నేరుగా ఆటగాళ్ళకు డబ్బు పంచవచ్చు, 2025-26లో 20.5 మిలియన్ డాలర్ల దాకా. అందులో సింహభాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌కు పోతుంది, టెన్నిస్ లాంటి ఆటల బడ్జెట్ల మీద కత్తి వేలాడుతోంది. జట్టును ఎత్తేస్తే ఎన్ని నెలల జీతమిస్తారో ఒప్పందంలో రాయించుకోండి. సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌కు 40 క్వార్టర్లు, అంటే పదేళ్ళు పని కావాలి. మన రెండు దేశాల మధ్య సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు కనుక ముందే తిరిగొస్తే కట్టింది చేతికి రాదు.

చివరగా, అమెరికా టోర్నీల్లో గత మూడేళ్ళుగా ప్రైజ్ మనీ నుంచి 30 శాతం కోసి ఉంటారు. ఆ కోత చూపే 1042-ఎస్ పత్రాలు వెతికి తీయండి. 1040-ఎన్‌ఆర్ (అనివాసుల రిటర్న్) వేసి ఆ టోర్నీల విమానం, హోటల్, కోచ్ ఖర్చులు తీసేస్తే వాపసు రావచ్చు; బాగా ఆలస్యమైన రిటర్న్‌లో ఖర్చులు ఒప్పుకోకపోవచ్చు. వాపసుకు గడువు మూడేళ్ళే, పాతదానితో మొదలుపెట్టండి. వాపసు వచ్చాక ఇండియాలో ఆ పన్నుకే క్రెడిట్ తీసుకున్న రిటర్న్ ఉంటే దాన్నీ సవరించాల్సి వస్తుందని మీ ఆడిటర్‌కు ముందే చెప్పండి.