పాలిప్ రిపోర్టులో ‘లో గ్రేడ్ డిస్‌ప్లేసియా’ అని వచ్చింది, ఇది క్యాన్సరేనా?

మీరు అడిగింది ఇదీ: అమ్మగారికి కొలనోస్కోపీ చేసి పెద్దపేగులో ఉన్న 8 మిల్లీమీటర్ల పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న గడ్డ) ఒకటి తీసేశారు. బయాప్సీ రిపోర్టులో ‘ట్యూబ్యులర్ అడినోమా విత్ లో గ్రేడ్ డిస్‌ప్లేసియా’ అని ఉంది. ఇది క్యాన్సరా, వేరే ల్యాబులో కూడా చూపించాలా, మళ్లీ టెస్టు ఎప్పుడు అన్నవి మీ ప్రశ్నలు.

క్యాన్సర్ కాదు. క్యాన్సర్‌గా మారే అవకాశం కాస్త ఉన్న గడ్డను, మారకముందే తీసేశారు. పేగు గ్రంథుల కణాలు పెరిగి ఏర్పడిన ఆ గడ్డనే అడినోమా అంటాం, గ్రంథులు గొట్టాల్లా ఉంటే ట్యూబ్యులర్ అంటాం. కణాల రూపం, అమరిక గాడి తప్పడం డిస్‌ప్లేసియా. నేను పాథాలజిస్టును, ఇలాంటి రిపోర్టులు రాసి సంతకం పెట్టడమే నా ఉద్యోగం. ఈ వాక్యం చదివి కంగారుగా ఫోన్ చేసేవాళ్లు నాకు కొత్త కాదు. వాళ్లకు ముందుగా చెప్పే మాట ఒకటుంది: అడినోమా అన్నాక కనీసం లో గ్రేడ్ డిస్‌ప్లేసియా ఉండి తీరుతుంది, లేకపోతే దాన్ని అడినోమా అనే అనం. కాబట్టి ఆ రెండో ముక్క అదనంగా వచ్చిన చెడ్డ కబురేమీ కాదు. హై గ్రేడ్ కనిపించలేదని మీ డాక్టరుకు తెలియడానికి రాసింది.

స్లైడ్ మీద మేం చూసేదేమిటో చెబితే మీకు ఇంకాస్త ధైర్యం వస్తుంది. పాలిప్ మా దగ్గరికి ఫార్మలిన్ పోసిన చిన్న డబ్బాలో వస్తుంది. బయటికి తీసి కొలుస్తాం. కోసిన చోటు కనిపిస్తే అక్కడ సిరా పూస్తాం, ఎందుకంటే రేపు మైక్రోస్కోపులో డాక్టరు కోసిన అంచు ఏదో తెలిసేది ఆ సిరా గీత వల్లే. తర్వాత ముక్కను నిలువుగా కోసి క్యాసెట్‌లో పెడితే, రాత్రంతా మెషిన్‌లో ఉండి దానిలోని నీరు పోయి మైనం ఎక్కుతుంది. ఆ మైనపు బ్లాకును 4 మైక్రాన్ల మందంలో పొరలుగా కోసి, గాజు స్లైడ్ మీదికి ఎక్కించి హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రెండు రంగులు వేస్తాం. కేంద్రకాలు నీలంగా, మిగతా అంతా గులాబీ రంగులో కనిపిస్తుంది. మామూలు పేగు గ్రంథిలో కేంద్రకాలు చిన్నగా, కణం అడుగున బుద్ధిగా ఒకే వరుసలో ఉంటాయి. అడినోమాలో అవి పొడుగ్గా సాగి, ముదురు నీలంగా మారి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కినట్టు కనిపిస్తాయి. అయినా లో గ్రేడ్‌లో అవి ఇంకా కణం కింది సగంలోనే ఉంటాయి, ఏది పైన ఏది కింద అన్న క్రమం చెడిపోదు. హై గ్రేడ్‌లో ఆ క్రమం పోతుంది. కేంద్రకాలు గుండ్రంగా ఉబ్బి కణం పైకొస దాకా వచ్చేస్తాయి, గ్రంథుల మధ్య ఖాళీ మిగలదు, ఒకే గ్రంథిలో నాలుగైదు రంధ్రాలు కనిపిస్తాయి.

ఇక క్యాన్సర్ అని ఎప్పుడంటాం? ఈ కణాలన్నీ బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే పల్చటి పొర మీద కూర్చుని ఉంటాయి. దాన్ని ఇంటి ప్రహరీ గోడ అనుకోండి. గోడ లోపల ఎంత రభస జరిగినా అది డిస్‌ప్లేసియానే, మరీ ముదిరితే కార్సినోమా ఇన్ సైటూ. గోడ దూకి అవతలికి పోతేనే ఇన్వేజివ్ క్యాన్సర్. పెద్దపేగు విషయంలో ఇంకో వెసులుబాటు కూడా ఉంది. కణాలు ఈ పొర దాటినా, పేగు లోపలి పొరలో ఉండే సన్నని కండరపు పట్టీని దాటి దాని కింద ఉండే సబ్‌మ్యూకోజా అనే పొరలోకి వెళ్తే తప్ప లింఫు గ్రంథులకు పాకే ప్రమాదం దాదాపు ఉండదు. అందుకే ‘ఇంట్రామ్యూకోజల్ కార్సినోమా’ అని భయపెట్టే పేరు రాసినా, అది పూర్తిగా వచ్చేసి ఉంటే పాలిప్ తీయడంతోనే చికిత్స అయిపోయినట్టు. నేనైతే ఆ పేరు వాడాల్సి వచ్చినప్పుడు కింద ఒక లైను కామెంట్ కూడా రాస్తాను. లేకపోతే రిపోర్టు చదివినవాళ్లకు ఆ రాత్రి నిద్ర ఉండదు.

అడినోమా క్యాన్సర్‌గా మారడం ఒక్క దెబ్బతో జరిగే పని కాదు. 1990లో ఎరిక్ ఫియరన్, బెర్ట్ వోగెల్‌స్టీన్ చూపించినట్టు జన్యువులు వరసగా దెబ్బతినాలి. సాధారణంగా ముందు ఏపీసీ, తర్వాత కేరాస్, ఆఖరి దశల్లో టీపీ53. చిన్న అడినోమాకు ఇదంతా జరగడానికి మామూలుగా పదేళ్లు, ఆ పైన పడుతుంది. చాలా వాటికి అసలు జరగనే జరగదు. లించ్ సిండ్రోమ్ (పేగు, గర్భాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే, వంశంలో వచ్చే జన్యు లోపం) ఉన్న కుటుంబాల్లో మాత్రం ఈ లెక్క పనిచేయదు, అక్కడ మార్పు బాగా వేగంగా వస్తుంది. మీ ఇంట్లో 50 ఏళ్ల లోపు ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్‌గానీ గర్భాశయ క్యాన్సర్‌గానీ వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

మళ్లీ కొలనోస్కోపీ ఎప్పుడన్నది గ్రేడ్ ఒక్కదాన్ని బట్టి తేలదు. ఎన్ని పాలిప్స్, ఎంత సైజు, విల్లస్ భాగం (వేళ్లలా పొడుచుకొచ్చిన పెరుగుదల) ఉందా, అంతా వచ్చేసిందా అన్నవన్నీ చూస్తారు. అమెరికా మల్టీ సొసైటీ టాస్క్ ఫోర్స్ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 10 మిల్లీమీటర్ల లోపు ట్యూబ్యులర్ అడినోమాలు ఒకటి రెండు ఉంటే 7 నుంచి 10 ఏళ్ల తర్వాత చూస్తే చాలు. మూడు నాలుగు ఉంటే 3 నుంచి 5 ఏళ్లు. 10 మిల్లీమీటర్లు, ఆ పైన ఉన్నా, విల్లస్ భాగం ఉన్నా, హై గ్రేడ్ ఉన్నా 3 ఏళ్లు. 20 మిల్లీమీటర్లు, అంతకు మించినదాన్ని ముక్కలు ముక్కలుగా తీస్తే 6 నెలలకే ఆ చోటు మళ్లీ చూడాలి. అదే ఏడాది వచ్చిన యూరప్ ఎండోస్కోపీ సొసైటీ మార్గదర్శకాలు ఇంకా ఉదారం: 10 మిల్లీమీటర్ల లోపువి, లో గ్రేడ్‌వి నాలుగు దాకా ఉన్నా ప్రత్యేకంగా ఫాలోఅప్ అక్కర్లేదు, అందరిలాగే స్క్రీనింగ్‌కు వెళ్తే సరిపోతుందంటాయి. అయితే ఇవన్నీ పేగు శుభ్రంగా ఖాళీ అయి, కెమెరా చివరిదాకా వెళ్లి చూసినప్పటి లెక్కలు. కాబట్టి మా రిపోర్టు కంటే ముందు కొలనోస్కోపీ రిపోర్టులో ‘బవెల్ ప్రిపరేషన్’ అన్నచోట ఏం రాశారో చూడండి. అక్కడ ‘పూర్’ అని ఉంటే పై అంకెలన్నీ పక్కన పెట్టాల్సిందే.

ఇంకో సంగతి. ఇలాంటి రిపోర్టు చేతికొచ్చిన వెంటనే అందరూ నెట్‌లో వెతుకుతారు. డిస్‌ప్లేసియా గురించి రాసింది ఏది కనబడితే అది చదివి తమకు అన్వయించుకుంటారు. అవయవం మారితే కథే మారిపోతుంది. గర్భాశయ ముఖద్వారంలో వచ్చే డిస్‌ప్లేసియాను సీఐఎన్ అంటారు, 1 నుంచి 3 దాకా తీవ్రత పెరుగుతుంది. సీఐఎన్ 1 అయితే చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతట అదే పోతుంది, ఊరికే కనిపెట్టుకుని ఉంటారు. సీఐఎన్ 3ని అలా వదిలేయడానికి లేదు. న్యూజిలాండ్‌లో ఒకప్పుడు డాక్టర్లు సరైన చికిత్స ఇవ్వకుండా గమనిస్తూ వదిలేసిన స్త్రీల రికార్డులను తర్వాతి కాలంలో పరిశీలిస్తే, 30 ఏళ్లలో దాదాపు 31 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. చికిత్స సరిగ్గా జరిగినవాళ్లలో అది 1 శాతం కూడా లేదు. అలా వదిలేసి చూడటం ఎంత ఘోరమో పక్కన పెడితే, గ్రేడ్ అన్నది ఎందుకంత ముఖ్యమో ఈ రెండు అంకెలే చెబుతాయి. మధ్యలో ఉన్న సీఐఎన్ 2 మాకూ తలనొప్పే. అందుకే అనుమానం వచ్చినప్పుడు పీ16 అనే ప్రోటీన్‌ను రంగులో చూపించే ఇమ్యునో స్టెయిన్ వేస్తాం. కింది నుంచి మందంగా, ఎక్కడా తెగకుండా గోధుమరంగు పట్టీ కనిపిస్తే హై గ్రేడ్ వైపు మొగ్గుతాం.

నోటిలో తెల్లమచ్చల విషయం వేరు. అక్కడ అసలు చిక్కు గ్రేడ్‌తో కంటే ముక్క ఎక్కడి నుంచి తీశారన్నదానితో. మాకు బాగా తెలిసిన ఒకాయనకు నాలుక పక్కన తెల్లమచ్చ వస్తే ఒకచోట బయాప్సీ తీశారు. ‘కెరటోసిస్ (పై పొర మందం కావడం), డిస్‌ప్లేసియా లేదు’ అని వచ్చింది. ఆయన హాయిగా రిపోర్టు మడిచి లోపల పెట్టేశారు. కొన్ని నెలలకు మచ్చలో కొంత భాగం ఎర్రబడి, కారం తగిలితే మండుతోందని నాకు చెప్పారు. ఆ పాత స్లైడ్ తెప్పించి చూశాను. రిపోర్టులో తప్పేమీ లేదు, వచ్చిన ముక్కలో ఉన్నదే రాశారు. కానీ ముక్క మరీ పైపైన తీసింది, అడుగు పొర అందులో సరిగ్గా పడనేలేదు. డిస్‌ప్లేసియా మొదలయ్యేదే ఆ అడుగు పొర నుంచి. ఈసారి ఎర్రటి భాగం నుంచి కాస్త లోతుగా తీయమని సర్జన్‌తో మాట్లాడాను. మోడరేట్ డిస్‌ప్లేసియా వచ్చింది, మచ్చ మొత్తం తీసేశారు. ఆయన పొగతాగడం మానేశారు, చెకప్‌లకు ఇప్పటికీ వెళ్తూనే ఉన్నారు. రిపోర్టులో ఏమీ లేదని వచ్చినా కంటికి మచ్చ కనబడుతూనే ఉంటే, పెరుగుతుంటే, కంటికి కనిపించేదాన్నే నమ్మి మళ్లీ బయాప్సీ అడగాలి.

ఇప్పుడు సెకండ్ ఒపీనియన్ సంగతి. ప్రతి రిపోర్టునూ ఇంకోచోట చూపించాల్సిందే అంటే నేను ఒప్పుకోను. డబ్బు పోగా కొత్త అనుమానాలు మిగులుతాయి. మీ అమ్మగారి రిపోర్టుకు ఆ అవసరం లేదు. 8 మిల్లీమీటర్ల ట్యూబ్యులర్ అడినోమాను గుర్తుపట్టడంలో పాథాలజిస్టుల మధ్య పెద్దగా తేడాలు రావు. తేడాలు వచ్చే చోట్లు వేరే ఉన్నాయి. 2015లో అమెరికాలో రొమ్ము బయాప్సీ స్లైడ్లను 115 మంది పాథాలజిస్టులకు ఇచ్చి, వాళ్లు చెప్పినదాన్ని నిపుణుల బృందం ఏకాభిప్రాయంతో పోల్చి చూశారు. ఇన్వేజివ్ క్యాన్సర్ ఉన్నచోట 96 శాతం కలిసింది. ఎటిపియా (కణాలు తేడాగా ఉన్నా క్యాన్సర్ అనలేని స్థితి) ఉన్నచోట మాత్రం 48 శాతమే. అంటే రెండు కొసల్లో ఎవరం చూసినా దాదాపు ఒకే మాట చెబుతాం, అటూ ఇటూ కాని మధ్యభాగంలో చూసే కన్నును బట్టి మాట మారుతుంది. రొమ్ములో ఎటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా (పాల నాళాల్లో ఎటిపియాతో కణాలు పెరగడం), అన్నవాహికలో బారెట్స్ మార్పుతో (కడుపులోని ఆమ్లం పైకి తన్ని లోపలి పొర మారిపోవడంతో) పాటు డిస్‌ప్లేసియా, లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్), సార్కోమా (కండరం, ఎముక లాంటి వాటిలో వచ్చే క్యాన్సర్), స్కాన్‌కూ బయాప్సీకీ పొంతన లేకపోవడం, రిపోర్టు ఆధారంగా పెద్ద ఆపరేషన్‌కు సిద్ధపడుతుండటం: ఇలాంటప్పుడు రెండో పాథాలజిస్టు చూడటం మంచిది. బారెట్స్‌లో డిస్‌ప్లేసియాను రెండో పాథాలజిస్టు నిర్ధారించాలని మార్గదర్శకాలే చెబుతాయి. మాలో మేమే కష్టమైన స్లైడ్లను పక్క గదిలోకి తీసుకెళ్లి చూపించుకుంటాం, అందులో నామోషీ ఏమీ లేదు.

అలా చూపించాల్సి వస్తే ఒట్టి రిపోర్టు జిరాక్స్ పట్టుకెళ్లి లాభం లేదు. స్లైడ్లు, మైనపు బ్లాకులు రెండూ ల్యాబులో రాసిచ్చి అడిగి తీసుకోండి. బ్లాకు ఉంటే కొత్త పొరలు కోసుకోవచ్చు, ఇమ్యునో స్టెయిన్లు వేసుకోవచ్చు. దాన్ని ఎండలో ఆపిన కారులో వదిలేయకండి, మైనం మెత్తబడితే ముక్క పాడవుతుంది. స్కాన్ రిపోర్టులు, ఎండోస్కోపీ ఫోటోలు కూడా జతచేయండి. మాకు వచ్చే ఫారాల్లో సగం వాటిలో ‘బయాప్సీ’ అన్న ఒక్క మాట తప్ప ఏమీ ఉండదు. పుండు పక్కన తీసిన ముక్కలో వాపు వల్ల కణాలు వికారంగా కనిపిస్తాయి, అది అచ్చం డిస్‌ప్లేసియాలాగే ఉంటుంది. అక్కడ పుండు ఉందన్న ఒక్క మాట రాసి ఉంటే సగం గందరగోళం తీరుతుంది. రేడియేషన్ తీసుకున్నారా, ఏ మందులు వాడుతున్నారు, ఇంతకుముందు బయాప్సీ అయిందా అన్నవి కూడా అంతే.

అమ్మగారి డాక్టరును మీరు అడగాల్సినవి మూడే: పాలిప్ ఒకే ముక్కగా పూర్తిగా వచ్చిందా, ఇంకేవైనా చిన్నవి కనిపించాయా, మళ్లీ ఎప్పుడు రమ్మంటారు. మూడో జవాబు ‘వచ్చే ఏడాదే’ అని వస్తే కారణం అడగండి. పేగు శుభ్రం కాకపోవడం లాంటి సరైన కారణం ఉండొచ్చు, లేకపోతే అంత తొందర అక్కర్లేదు.

మీకూ మీ తోబుట్టువులకూ ఇప్పుడే కొలనోస్కోపీ చేయించాలా అని మీకు అనుమానం వస్తుంది. తల్లిదండ్రులకు క్యాన్సర్ వచ్చి ఉంటే, లేదా 10 మిల్లీమీటర్లు, ఆ పైన ఉన్నది, విల్లస్ ఉన్నది, హై గ్రేడ్‌ది ఉండి ఉంటే పిల్లలకు ముందుగా చేయిస్తారు. అమ్మగారిది ఆ కోవలోకి రాదు. ఇంట్లో ఇంకెవరికీ పేగు క్యాన్సర్ లేకపోతే, మలంలో రక్తం లాంటివి మీకేమీ లేకపోతే, అందరికీ చెప్పే వయసుకు చేయించుకుంటే చాలు. అమెరికాలో ఆ వయసును 2021లో 50 నుంచి 45కు తగ్గించారు.