మైక్రోవేవ్ ఓవెన్ తలుపులోంచి వెలుగు బయటికి వస్తుంది, వేడి చేసే తరంగాలు ఎందుకు రావు?

రెండూ విద్యుదయస్కాంత తరంగాలే. శూన్యంలో రెండింటి వేగమూ సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లే. తేడా అంతా తరంగదైర్ఘ్యంలో ఉంది.

ఓవెన్‌లో వేడి చేసేవి మైక్రోవేవ్‌లు. వాటిది 2.45 గిగాహెర్ట్జ్ (సెకనుకు 245 కోట్ల కంపనాలు), అంటే ఒక్కో తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. తలుపు అద్దం వెనకున్న లోహపు జాలీని దగ్గరగా చూడండి, కన్నాలు ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటాయి. అంత పొడవైన తరంగానికి ఆ జాలీ దాదాపు లోహపు రేకుతో సమానం, వెనక్కి కొట్టేస్తుంది. కంటికి కనిపించే వెలుగు 400-700 నానోమీటర్లు (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు), హాయిగా దాటేస్తుంది.

మైక్రోవేవ్‌ల కన్నా పొడవైనవి రేడియో తరంగాలు. మైక్రోవేవ్‌లకీ వెలుగుకీ మధ్య పరారుణం, వెలుగు కన్నా పొట్టివి అతినీలలోహిత, ఎక్స్, గామా కిరణాలు.

రేడియేషన్ అనగానే టెన్షన్ పడకండి: పరమాణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి ఎక్స్, గామా కిరణాలకుంది, మైక్రోవేవ్‌లకు లేదు. కానీ తలుపు దెబ్బతిన్న ఓవెన్ మాత్రం వాడొద్దు. బయటికి వస్తే అవి ఒంటిని కూడా వేడెక్కిస్తాయి.