ఎప్పుడు వస్తోందో రాయండి: బండి బాధలకు జవాబులు

ఈ నెల ఉత్తరాలు దాదాపు అన్నీ చిన్న ఎస్‌యూవీల మీదే. ఒక్కటే కొరత. 'శబ్దం వస్తోంది' అని రాస్తారు గానీ, ఎప్పుడు వస్తోందో రాయరు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? మలుపులోనా, నేరుగా పోతున్నప్పుడా? డాక్టరు దగ్గరికెళ్లి 'నొప్పి' అని ఒక్క మాటతో ఊరుకుంటామా? ముప్పై ఏళ్లు వర్క్‌షాపులో బండ్ల కింద పడుకున్నవాణ్ని. సగం రోగం ఆ 'ఎప్పుడు'లోనే దొరుకుతుందని నా అనుభవం.

ప్రశ్న: బండి కొని నాలుగేళ్లయింది. ముందు వైపు నుంచి 'టక్ టక్' మని శబ్దం వస్తోంది. షాక్ అబ్జార్బర్లు రెండూ పోయాయి, మార్చాలంటున్నారు. మార్పించేయమంటారా?

జవాబు: ఆగండి. మీరు చెప్పలేదు కాబట్టి నేనే అడుగుతాను. చిన్న చిన్న గతుకుల మీద మెల్లగా పోతున్నప్పుడు టకటకమంటోందా? అయితే ముందు లింక్ రాడ్లను అనుమానించండి. మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే స్టెబిలైజర్ బార్‌ను షాక్ అబ్జార్బర్‌కు కలిపే కడ్డీలవి. రెండు చివర్లా బంతి కీళ్లుంటాయి. కీలు అరిగినప్పుడు, రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే పెద్దగా వినిపించదు, ఒక్క చక్రమే గుంటలో పడితే మాత్రం వినిపిస్తుంది. బ్రేకు వేసినప్పుడో, రివర్స్ నుంచి ముందుకు కదిలినప్పుడో 'దబ్' మని ఒక్కసారి వచ్చి ఆగిపోతే చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్‌లు (రబ్బరు తొడుగులు) చూడాలి. బండి ఆపి స్టీరింగ్ తిప్పినప్పుడు స్ప్రింగు మెలిపడి వదిలినట్టు 'టంగ్' మంటే షాక్ అబ్జార్బర్ నెత్తిన ఉండే మౌంటు బేరింగు. అసలు షాక్ అబ్జార్బరే పోతే శబ్దం కన్నా ఊపు ముందు తెలుస్తుంది. గతుకు దాటాక కూడా బండి రెండు మూడు సార్లు ఊగుతుంది. దాని ఒంటి మీద ఆయిల్ కారి మట్టి పట్టి ఉంటుంది.

ఇప్పుడింత ధీమాగా చెబుతున్నాను గానీ, కొత్తలో నేనూ ఒకాయన బండికి రెండు షాక్ అబ్జార్బర్లూ విప్పి కొత్తవి బిగించాను. బండి గేటు దాటకముందే మళ్లీ అదే టక్ టక్. దొంగ లింక్ రాడ్డేనని అప్పుడు తెలిసింది. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికయ్యేది. ఆ రోజు నుంచి బండి యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిరిగి రాకుండా పానా పట్టుకోలేదు. మీరూ మెకానిక్‌ను ఎక్కించుకుని, ఆ శబ్దం వచ్చే దారిలోనే తిప్పండి.

ఇలాంటిదే ఇంకో ఉత్తరం. టక్ టక్ కాదు, వేగంతో పాటు పెరిగే హోరు. ఎడమకు తిప్పితే ఎక్కువవుతుంది, కుడికి తిప్పితే తగ్గుతుంది. ఆయన 'ఎప్పుడు' రాశారు కాబట్టి జవాబు సులువు: కుడి వైపు వీల్ బేరింగు. ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది. దీన్ని మాత్రం వాయిదా వేయకండి.

ప్రశ్న: నా బండి తొమ్మిదేళ్లది. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్ (సంచిని ఉబ్బించే భాగం) మార్చాలి, రమ్మని కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. డాష్‌బోర్డులో ఏ లైటూ వెలగడం లేదు, బండి చక్కగా నడుస్తోంది. బాగున్నదాన్ని విప్పించి చెడగొట్టుకోవడం ఎందుకని మావారు అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఈ జవాబు మీవారికి చదివి వినిపించండమ్మా. ఎయిర్‌బ్యాగ్ లైటు కాపలా కాసేది కరెంటు దారిని. తీగ తెగిందా, కనెక్టర్ వదులైందా, సెన్సర్ పలుకుతోందా అన్నంతవరకే దానికి తెలుసు. ఇన్‌ఫ్లేటర్ లోపల మండి వాయువు పుట్టించే మందు పాడైందా అన్నది దానికి కనిపించదు. నేను వాయించి వాయించి చెప్పే 'ఎప్పుడు వస్తోంది' అన్న ప్రశ్న ఇక్కడ పనికిరాదు. ఈ లోపం గుద్దుకునే క్షణం దాకా ఏ సూచనా ఇవ్వదు.

తకాటా అనే జపాన్ కంపెనీ కథ మీవారికి తెలిసే ఉంటుంది. ఆ కంపెనీ ఇన్‌ఫ్లేటర్లలో అమ్మోనియం నైట్రేట్ మందు వాడింది. చాలావాటిలో తేమను పీల్చుకునే పదార్థం పెట్టలేదు. ఏళ్ల తరబడి తేమ, వేడి, చల్లదనం మారి మారి తగలడంతో మందు బిళ్లలు శిథిలమయ్యాయి. అలాంటి మందు అంటుకుంటే మామూలు కన్నా ఎంతో వేగంగా మండుతుంది. ఆ ఒత్తిడికి చుట్టూ ఉన్న లోహపు డబ్బా పగిలి, ముక్కలు ఎయిర్‌బ్యాగ్ సంచిని చీల్చుకుని మనిషి మీదికి దూసుకొస్తాయి. బతికి బయటపడాల్సిన చిన్న ప్రమాదాల్లో కూడా ఇలా ప్రాణాలు పోయాయి. 2008లో హోండా కొన్ని వేల కార్లతో మొదలుపెట్టిన రీకాల్, అంటే లోపమున్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలిచి బాగుచేయడం, తర్వాత టయోటా, నిస్సాన్, మజ్దా, ఫోర్డ్, బీఎండబ్ల్యూల దాకా పాకింది. అమెరికాలోనే దాదాపు 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లు, ప్రపంచమంతా కలిపి 10 కోట్లకు పైనే. వాహన చరిత్రలో ఇంత పెద్ద రీకాల్ ఇంకొకటి లేదు. తకాటా 2017 జూన్‌లో దివాలా పిటిషన్ వేసింది. ఆ కార్లలో చాలావాటి యజమానులు కూడా మీవారిలాగే 'చక్కగా నడుస్తోంది' అనే అని ఉంటారు. అదీ నిజమే, నడవడంలో వాటికేమీ లోపం లేదు.

మీకొచ్చిన ఉత్తరం ఏ లోపం గురించైనా సరే, చేయాల్సింది ఒకటే. ఛాసిస్ నంబరు తీయండి. 17 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. ముందు అద్దం కింది మూలలోనో, డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్తంభం మీదో, బండి కాగితాల్లోనో దొరుకుతుంది. ఒకటి, సున్నాలతో పొరబడకుండా అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నానే. ఆ నంబరుతో కంపెనీ వాళ్లను అడిగితే మీ బండికి రీకాల్ ఉందో లేదో కచ్చితంగా తేలుతుంది. మోడల్ పేరు ఒక్కటే చాలదు. ఒకే రోజు కొన్న రెండు బండ్లలో ఒకటి లోపమున్న విడిభాగాల బ్యాచ్‌లో ఉండొచ్చు, రెండోది ఉండకపోవచ్చు. రీకాల్ పని ఉచితంగా చేస్తారు. సర్వీసు ఇన్నాళ్లూ బయట చేయించారని మొహమాటపడక్కర్లేదు.

ఉత్తరాన్ని చివరిదాకా చదివారా? 'మరమ్మతు అయ్యేదాకా నడపవద్దు' అని ఉంటే బండి కదపకండి, వాళ్లనే వచ్చి తీసుకెళ్లమనండి. విడిభాగం ఇంకా రాలేదంటే మీ పేరు వరుసలో రాయించి, అది కాగితం మీద తీసుకోండి. తెలిసిన మెకానిక్ చేత ఎయిర్‌బ్యాగ్ విప్పించే ఆలోచన మాత్రం వద్దు. ఆ పని నేనూ చేయను.

ప్రశ్న: మాది డీజిల్ బండి. రోజూ మూడు నాలుగు కిలోమీటర్లే తిరుగుతాం. విచిత్రం ఏమిటంటే ఇంజిన్ ఆయిల్ తగ్గకుండా పెరుగుతోంది! గేజు కడ్డీ తీసి చూస్తే పై గీత దాటింది. ఆయిల్ తాగని మంచి ఇంజిన్ అనుకోవచ్చా?

జవాబు: అయ్యో, అనుకోకండి. పెరిగింది ఆయిల్ కాదు, అందులో కలిసిన డీజిల్. మీ సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అదే డీపీఎఫ్. మసి నిండగానే ఇంజిన్ కొంచెం ఎక్కువ డీజిల్ చల్లి, ఆ ఫిల్టర్‌ను దాదాపు 600 డిగ్రీలకు వేడెక్కించి మసిని కాల్చేస్తుంది. ఆ పనికి కొంతసేపు ఆగకుండా నడవాలి. మీరేమో మంట రాజుకునేలోపే తాళం తీసేస్తున్నారు. సగంలో ఆగిన ప్రతిసారీ కాలని డీజిల్ కొంత సిలిండరు గోడల మీదుగా కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. పలచబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు.

ముందు ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్పించండి. తర్వాత వారానికోసారైనా పెద్ద రోడ్డు మీద అరగంట పాటు, వేగం పడిపోకుండా నడపండి. బండి ఆపాక ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంటే, వేడి వాసన వస్తుంటే, ఆ మసి కాల్చే పని మధ్యలో ఉందని గుర్తు. వీలైతే ఇంకాస్త దూరం నడపండి. ఎప్పుడూ ఇంత దగ్గర తిరుగుళ్లే అయితే ఈసారి పెట్రోల్ బండి కొనుక్కోండి, నిష్ఠూరంగా ఉన్నా చెప్పక తప్పదు.

పెట్రోల్‌లో ఈ గోల అసలే ఉండదని కాదు. 2018 ప్రాంతంలో హోండా సీఆర్-వీ 1.5 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్‌లో, చలి ప్రాంతాల్లో దగ్గర దూరాలు తిరిగేవాళ్లకు ఇలాగే ఆయిల్ మట్టం పెరిగి పెద్ద గొడవే అయింది.

ప్రశ్న: ఆటోమేటిక్ బండి. ట్రాఫిక్‌లో గంటసేపు ఇరుక్కుంటే మొదటి గేరులో వణుకుతుంది, జర్కులిస్తుంది. ఖాళీ రోడ్డు మీద పూల రథంలా పోతుంది. గేర్‌బాక్సు పోయినట్టేనా?

జవాబు: శభాష్, 'ఎప్పుడు' రాశారు! మీది రెండు క్లచ్‌లుండే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు అయి ఉంటుంది. చిన్న బండ్లలో చాలావాటికి అందులో ఆయిల్‌లో మునగని పొడి క్లచ్‌లు ఉంటాయి. లోపల ఉన్నవి క్లచ్ ప్లేట్లే, కాకపోతే వాటిని నొక్కేది మీ కాలు కాదు, కంప్యూటరు. ముందు బండి జానెడు కదిలితే మీరూ జానెడు కదిలితే, ప్రతిసారీ క్లచ్ సగం పట్టి సగం జారుతుంది. రాపిడికి వేడెక్కుతుంది, ఆ వేడికే వణుకు. ముందు కొంచెం ఖాళీ ఏర్పడనిచ్చి ఒకేసారి కదలండి. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి, బ్రేకు వాడండి. గేర్‌బాక్సు సాఫ్ట్‌వేర్‌కు కొత్త అప్‌డేట్ ఉందేమో అడగండి, ఒక్కోసారి దానితోనే తగ్గిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు కూడా వణుకు మొదలైతే ప్లేట్లు అరిగినట్టే.

ప్రశ్న: వాన లేదు, నీళ్ల సీసా ఒలకలేదు. ముందు సీటు కింద కార్పెట్ తడి!

జవాబు: ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోయింది. ఐదు నిమిషాల పని. ఆ తడి తియ్యగా వాసనొస్తూ జిగటగా ఉంటే మాత్రం అది కూలెంటు (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం), హీటరు కారుతోంది. వాన తర్వాతే తడిస్తే సన్‌రూఫ్ మూలల్లోని సన్న గొట్టాలు చూడండి.

ప్రశ్న: ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లోపం వల్ల మంటలు రావచ్చని, బండి ఇంటి బయట నిలపమని భయపెట్టారు. తీరా వెళ్తే ఒక చిన్న ఫ్యూజు మార్చి పంపేశారు. ఇదేం రీకాల్? మోసం కాదా?

జవాబు: కోపం అర్థమైంది గానీ, మోసమని అప్పుడే అనకండి. ఏబీఎస్ యూనిట్‌లో బ్రేకు ఆయిల్, కరెంటు పక్కపక్కనే ఉంటాయి. లోపల ఆయిల్ కారి సర్క్యూట్ బోర్డును తాకితే షార్టవుతుంది. తాళం తీసేసినా ఆ యూనిట్‌కు బ్యాటరీ నుంచి కరెంటు అందుతూనే ఉంటుంది. అందుకే నిలిపి ఉంచిన బండి కూడా అంటుకునే ప్రమాదం. 2023 సెప్టెంబరులో హ్యుందాయ్, కియా అమెరికాలో సుమారు 33 లక్షల 70 వేల బండ్లను సరిగ్గా ఇందుకే వెనక్కి పిలిచాయి. వాటిలో పాత హ్యుందాయ్ టక్సన్‌లు కూడా ఉన్నాయి. అక్కడా పరిష్కారం ఫ్యూజు మార్చడమే. కొత్త ఫ్యూజు తక్కువ కరెంటుకే తెగిపోతుంది కాబట్టి షార్టయినా వేడి మంట దాకా పోదు.

కారడం మాత్రం ఫ్యూజుతో ఆగదు. కాబట్టి నెలకోసారి బానెట్ ఎత్తి బ్రేకు ఆయిల్ మట్టం చూసుకోండి. ఏబీఎస్ లైటు వెలిగితే అదే రోజు చూపించండి. ఆ ఫ్యూజు ఎప్పుడైనా తెగితే, బయట ఎవరో దాని స్థానంలో పెద్ద ఆంపియర్లది గుచ్చకుండా చూసుకోండి. పెద్దది గుచ్చితే రీకాల్ చేయించనట్టే లెక్క.

ఫ్యూజు చిన్నదని తేలిగ్గా చూడకండి. 2023 నవంబరులో టయోటా అమెరికాలో 18 లక్షలకు పైగా 2013–2018 ఆర్‌ఏవీ4 బండ్లను పిలిచింది బ్యాటరీని పట్టి ఉంచే బిగింపు కోసం. మార్చిన బ్యాటరీ కొలత కాస్త చిన్నదై, ఆ బిగింపు వదులుగా ఉంటే, గట్టిగా మలుపు తిప్పినప్పుడు బ్యాటరీ జరిగి పాజిటివ్ టెర్మినల్ దానికి తగిలి షార్టవుతుంది, మంటలు రావచ్చు. మీ బండి ఏదైనా సరే, బ్యాటరీ మార్చినరోజు చేత్తో పట్టుకుని ఊపి చూడండి, కదలకూడదు.

ప్రశ్న: ఆరేళ్ల సెకండ్ హ్యాండ్ బండి కొనబోతున్నాను. అమ్మేవారు రీకాల్స్ ఏమీ లేవంటున్నారు. వెనక వైపరు మాత్రం గీకుతోందట. ఏమేం చూడాలి?

జవాబు: ఆయన అబద్ధమాడుతున్నారని కాదు. రీకాల్ ఉత్తరం మొదటి యజమాని పాత చిరునామాకు వెళ్లి ఉండొచ్చు, ఆయన ఇల్లు మారి ఉండొచ్చు. ఛాసిస్ నంబరుతో మీరే సరిచూడండి. ఉందని తేలితే, పని పూర్తయినట్టు ఆ నంబరుతో ఉన్న కాగితం అడగండి. కొన్నాక మీ పేరు, చిరునామా కంపెనీ దగ్గర నమోదు చేయించండి. పదేళ్లు దాటిన బండికి కూడా కొత్తగా రీకాల్ రావచ్చు, కాబట్టి ఆరు నెలలకోసారి మళ్లీ చూస్తుండండి.

బండిని పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే మరో రోజు వస్తానని చెప్పండి. నాలుగు టైర్ల గోడల మీదా DOT అని మొదలయ్యే నంబరులో చివరి నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే నాలుగూ ఒకే రకం, ఒకే అరుగుదలతో ఉండాలి. లేకపోతే ముందు వెనక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగి వాటిని కలిపే మధ్యలోని కప్లింగ్ వేడెక్కుతుంది. బ్రేకు ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో అడగండి. రెండేళ్లు దాటితే కొన్న వెంటనే మార్పించండి, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

వెనక వైపరుకు రబ్బరు మారిస్తే చాలు.