ఆందోళన చేయడమా, ఆందోళన పడటమా?

సందేహం: నేను క్లినికల్ సైకాలజీ విద్యార్థినిని. యాంగ్జైటీని కొలిచే జీఏడీ-7 ప్రశ్నావళిని తెలుగు చేయమని క్లాసులో పని ఇచ్చారు. 'గత రెండు వారాల్లో ఆందోళన, అంచు మీద ఉన్నట్టు ఉండటం మిమ్మల్ని ఎన్ని రోజులు ఇబ్బంది పెట్టాయి?' అని రాశాను. పక్కింటి తాతగారికి వినిపిస్తే, 'మన వీధిలో ఆందోళనలేవీ జరగలేదే తల్లీ, నాకేం ఇబ్బంది? అంచు అంటే పంచె అంచా?' అన్నారు. 'ఆందోళన' తప్పు మాటా? ఇంకొకటి. పరీక్ష తాను కొలవాల్సినదాన్నే కొలవడాన్ని వాలిడిటీ అంటాం కదా, దాన్ని మా మాస్టారు 'సప్రమాణత' అంటారు. నేను 'ప్రామాణికత' అని రాశాను. రెండూ ఒకటి కావా?

సమాధానం: 'ఆందోళన' తప్పు కాదు. తాతగారిదీ తప్పు కాదు. సంస్కృతంలో ఆందోళనం అంటే ఊగడం. డోల అంటే ఊయల. పల్లకిని ఆందోళిక అన్నదీ అందుకే. మనసు అటూ ఇటూ ఊగితే ఆందోళన అన్నారు, జనం ఊగిపోయి రోడ్డెక్కితే అదీ ఆందోళనే అయింది. పేపర్లో 'ఉద్యోగుల ఆందోళన' పక్కనే 'రోగి పరిస్థితి ఆందోళనకరం' అని ఉన్నా మనం తికమకపడం. పక్కనున్న మాటలు దారి చూపిస్తాయి. క్రియ ఇంకా బాగా చూపిస్తుంది: రోడ్డు మీద ఆందోళన చేస్తారు, ఇంట్లో కూర్చుని ఆందోళన పడతారు. మీ వాక్యంలో ఆ 'పడటం' లేదు. పైగా 'ఇబ్బంది పెట్టాయి' అన్నారు. ట్రాఫిక్ ఆపేసే ఆందోళన తప్ప ఇంకేం గుర్తొస్తుంది?

జబ్బు పేరుగా 'ఆందోళన రుగ్మత' అని పాఠంలో రాసుకోండి, ఇబ్బంది లేదు. పాఠ్యపుస్తకాల్లో కనిపించే 'వ్యాకులత' కూడా అక్కడికి సరిపోతుంది. మనిషిని అడిగే ప్రశ్నలో మాత్రం మనిషి వాడే మాట కావాలి. ఇక్కడే చిక్కు. మనకు మాటలు తక్కువై కాదు, ఎక్కువై.

కంగారు ఉంది, కానీ అది అప్పటికప్పుడు పుట్టి పోయేది. బస్సు కదిలిపోతుంటే కంగారు. రెండు వారాల పాటు కంగారు అంటే వినడానికే ఎలాగో ఉంటుంది. బెంగ ఎవరో ఒకరి మీద ఉంటుంది. హాస్టల్లో చేరిన పిల్ల అమ్మ మీద బెంగ పెట్టుకుంటుంది. దిగులుది ఇంకో కథ. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు చూడండి, దిగులు అంటే భయం. ఇప్పుడు మనం 'దిగులుగా కూర్చున్నాడు' అంటే భయం కన్నా విచారమే ముందు తడుతుంది. యాంగ్జైటీ ప్రశ్నలో దిగులు పెడితే డిప్రెషన్ ఉన్నవాళ్ళు కూడా అవుననేస్తారు. తెలంగాణలో రంది, బుగులు ఉన్నాయి. రంది లోలోపల తొలిచే చింత, బుగులు భయం. కోస్తాలో రంది అంటే కొందరు తెల్లమొహం వేస్తారు. నాకు గుబులు నచ్చుతుంది. దానికి గుండె దడ ఉంది, రేపేమవుతుందో అన్న అనుమానమూ ఉంది. దాని పక్కన టెన్షన్ కూడా పెట్టండి. పరీక్ష హాల్లో పిల్లవాడూ, పెళ్ళి పందిట్లో ఆడపిల్ల తండ్రీ ఇద్దరూ అనే మాట అదే. దాన్ని తరిమేసి శుద్ధంగా రాస్తే భాష మిగులుతుంది గానీ జవాబు రాదు.

అంచు సంగతి తాతగారే తేల్చేశారు. మూలంలో ఉన్నది 'ఆన్ ఎడ్జ్' అనే ఇంగ్లీషు నుడికారం. అలాంటిచోట మనం 'ఊరికే ఉలిక్కిపడుతున్నట్టు', 'మనసు నిలకడగా లేనట్టు' అంటాం.

ఇక రెండో ప్రశ్న. తాతగారి జవాబునే కొలతగా తీసుకుందాం. ఆయన ఇబ్బందే లేదన్నారు, అంటే మార్కు సున్నా. వచ్చే వారం అడిగినా, వీధిలో ధర్నా లేకపోతే సున్నాయే అంటారు. కొలత నిలకడగా ఉంది కనుక విశ్వసనీయత ఉన్నట్టే. కానీ మనం కొలవాలనుకున్నది ఆయన గుబులు, కొలిచింది వీధి ప్రశాంతత. అంటే సప్రమాణత లేదు. ప్రతిసారీ యాభై గ్రాములు ఎక్కువ చూపించే కాటా లాంటిదన్నమాట. రోజూ ఒకే తప్పు నమ్మకంగా చెబుతుంది.

ప్రమాణంతో కూడినది సప్రమాణం, ఆ గుణం సప్రమాణత. బీఎడ్, డీఎస్సీ పుస్తకాలు చదివినవాళ్ళకు ఇది అలవాటైన మాటే. ప్రామాణికత అంటే నలుగురూ ప్రమాణంగా ఒప్పుకోదగ్గ స్థితి; 'ఈ ప్రతి ప్రామాణికమైనది' అంటాం. పైగా పరీక్షను ఎంతోమందికి ఇచ్చి సగటులు కట్టి స్థిరపరచడాన్ని 'ప్రామాణీకరణ' అంటారు కాబట్టి, మీ మాట వాలిడిటీకి వాడితే చదివేవారు దానితో కలిపేసుకుంటారు. మీ మాస్టారిదే సరైన మాట.

తిరుగు అనువాదం చేయిస్తే తప్పులన్నీ దొరుకుతాయని మీకు చెప్పే ఉంటారు. 1970లో మనస్తత్వ శాస్త్రవేత్త బ్రిస్లిన్ రాసిన వ్యాసంతో బాగా వ్యాపించిన పద్ధతి అది: మూలం చూడనివారి చేత తెలుగును మళ్ళీ ఇంగ్లీషు చేయించి, రెండూ పోల్చి చూడటం. మంచిదే. అయితే మీ 'ఆందోళన'ను చూసిన ఇంగ్లీషు చదువరి ఠక్కున యాంగ్జైటీ అని రాసేస్తారు, మాట పాసైపోతుంది. అది తాతగారి దగ్గర ఫెయిలవుతుందని ఆ పద్ధతి పట్టుకోలేదు. ఆ తర్వాత కూడా పదిమంది మామూలు మనుషులను కూర్చోబెట్టి, 'ఈ ప్రశ్న మీకేమని అర్థమైంది?' అని అడగాల్సిందే.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఆ ప్రశ్నావళిలో జవాబులకు సున్నా నుంచి 3 దాకా మార్కులుంటాయి: అసలు లేదు, సెవరల్ డేస్, సగం రోజులకు మించి, దాదాపు రోజూ. నిఘంటువు చూసి రెండోదాన్ని 'అనేక రోజులు' అన్నారంటే, తెలుగు చెవికి అది 'సగం రోజుల' కన్నా పెద్దదిగా వినిపిస్తుంది. మూడు మార్కుల మనిషి ఒక మార్కు దగ్గరే ఆగిపోతాడు. 'కొన్ని రోజులు' అని రాయండి. దాని తర్వాతది 'రెండు వారాల్లో వారం రోజులకు మించి' అంటే, వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవాళ్ళకు కూడా అందుతుంది.